దేవత ఒప్పుకున్నాక ఇంట్లో అభ్యంతరమా?

పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చే ఇంట్లో పెరిగినవాళ్లకు 'సెమెటరీ బాయ్స్' అనే ఇంగ్లిష్ నవలలోని యాడ్రియల్ కథ పరాయిదిగా అనిపించదు. తూర్పు లాస్ ఏంజెలిస్‌లో ఒక పాత శ్మశానాన్ని కనిపెట్టుకుని ఉండే మంత్రగాళ్ల వంశం అతనిది. ఏటా నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ల పండుగకు పోయిన పెద్దలంతా తిరిగొస్తారు. వాళ్ల కోసం బంతిపూలు పరుస్తారు, ఇష్టమైనవి వండిపెడతారు. బతుకమ్మలో పేర్చే బంతిని మనదే అనుకుంటాం గానీ, అది మెక్సికో వైపు నుంచి సముద్రాలు దాటి వచ్చిన పువ్వే.

ఏడెన్ థామస్ రాయగా 2020లో వచ్చిన ఈ నవలలో హీరో ఈ పదహారేళ్ల కుర్రాడే. ఆ వంశంలో ఆడవాళ్లు రోగం నయం చేస్తారు, మగవాళ్లు ఆత్మలను సాగనంపుతారు. పదిహేనేళ్లు వచ్చాక మృత్యుదేవత ముందు తంతు జరిగితేనే ఆ శక్తి అందుతుంది. యాడ్రియల్ ట్రాన్స్ అబ్బాయి. పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు, తను మగపిల్లాడినని అతనికి తెలుసు. మగవాళ్ల తంతు జరిపించడానికి ఇంట్లోవాళ్లకు మనసు రాలేదు. దాంతో వరసకు సోదరి అయిన అమ్మాయి సాయంతో రాత్రిపూట దొంగచాటుగా తనే జరుపుకుంటాడు. దేవత వరమిస్తుంది.

ఇదంతా మొదటి అధ్యాయంలోనే అయిపోతుంది. మాకు బాగా నచ్చిందీ అదే. 'వీడు నిజంగా అబ్బాయేనా' అన్న ప్రశ్నను రచయిత చివరిదాకా సస్పెన్స్‌గా సాగదీయలేదు. దేవత తేల్చేసింది, ఇక తేల్చుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. వాళ్లేమీ దుర్మార్గులు కారు. పిల్లాడంటే ప్రాణం. అయినా కంగారులో తండ్రి 'నువ్వు ఆడవాళ్లతో ఉండు' అనేస్తాడు. ఆ ఒక్క మాట ఏ దయ్యం కన్నా ఎక్కువ భయపెడుతుంది. ఈలోగా యాడ్రియల్ పొరపాటున తన బడిలోనే చదివిన జూలియన్ ఆత్మను పిలుస్తాడు. వచ్చినవాడు వెళ్లనంటాడు. ఇద్దరి మధ్యా ప్రేమ పుడుతుంది. రచయిత కూడా ట్రాన్స్ వ్యక్తే. ఈ నవల ఆ ఏడాది అమెరికా నేషనల్ బుక్ అవార్డు తొలి జాబితాకు ఎక్కింది.

దేవుడి దగ్గర చోటున్నా మనుషుల దగ్గర లేకపోవడం మనకు కొత్తేమీ కాదు. వేములవాడలో శ్రీరామనవమి నాడు శివపార్వతులు అని పిలిచే భక్తులు రాజన్నను, అంటే శివుణ్ని, పెళ్లాడతారు. వాళ్లలో హిజ్రాలూ ఉంటారు. బోనాల్లో వాళ్ల ఆట చూడ్డానికి జనం ఎగబడతారు. మర్నాడు వాళ్లే అద్దె ఇల్లు అడిగితే తలుపు మూసుకుంటుంది. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే చాలు, వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చన్న 1919 నాటి నిజాం కాలపు చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో! ట్రాన్స్‌జెండర్ల హక్కులపై సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన తొమ్మిదేళ్లకు.

అమెరికాలో ఇలాంటి పుస్తకాల మీద పెద్ద గొడవే నడుస్తోంది. రచయితల సంస్థ పెన్ అమెరికా లెక్క ప్రకారం 2023-24 విద్యా సంవత్సరంలో బడుల్లో పుస్తకాలపై వేటు పడ్డ సందర్భాలు 10 వేలకు పైనే. వేటు పడ్డవాటిలో క్వీర్ పాత్రలు, అంటే స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వంటివాళ్లు ఉన్న పుస్తకాలు పెద్ద వాటా. ఇలాంటి పాఠాలప్పుడు పిల్లలను తరగతి నుంచి తప్పించుకోవచ్చంటూ 2025 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు తల్లిదండ్రుల పక్షాన నిలిచింది. తమ పిల్లల విషయంలో తల్లిదండ్రులకు టెన్షన్ ఉండడం సహజం, దాన్ని మేం తప్పుపట్టం. కానీ ఒకరికి నచ్చలేదని అందరి పిల్లల చేతుల్లోంచీ పుస్తకం లాగేయడం వేరు. టెక్సస్‌లోనో వర్జీనియాలోనో స్కూలు బోర్డు సమావేశాలకు వెళ్లే మన తెలుగువాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

ఇక్కడైతే తీసేయడానికి అసలు పుస్తకాలే లేవు. 1947లో మొదలైన చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. బేతాళ కథలు దాటిన పిల్లాడికి పెద్దల నవలల దాకా తెలుగులో దొరికేది చాలా తక్కువ. అందుకే పదమూడేళ్లకే ఇంగ్లిష్‌కు మళ్లుతున్నాడు. మంత్రాలు, మాయలు, శవాలతో కబుర్లు మన సొత్తే అయినా, ప్రేమలో పడ్డ కుర్రాళ్ల కోసం వాటిని వాడుకోవడానికి మన ప్రచురణకర్తలు జంకుతున్నారు.

యాడ్రియల్‌ను తెలుగులోకి తెస్తే అనువదించేవారికి మన క్రియలతోనే పరీక్ష. వచ్చాడా, వచ్చిందా? ప్రతి వాక్యం చివరా తేల్చాల్సిందే. కూతుర్ని 'ఏరా నాన్నా' అని ముద్దుగా పిలుచుకునే భాష మనది. ఆ ఇంటి అవ్వ నోట 'వచ్చింది' ఏ పేజీలో 'వచ్చాడు' అవుతుందో తెలుగులో చదవాలని మాకుంది. ఎవరైనా ఆ పనికి పూనుకుంటారా?