పళ్లెం విసరడం అంత తేలికేం కాదు

డిస్క్ గోల్ఫ్ అంటే మనవాళ్లలో చాలామందికి పార్కులో పిల్లలు ఆడుకునే ఫ్రిస్బీ. గోల్ఫ్ అంటే మాత్రం క్లబ్ మెంబర్‌షిప్, పోలో టీషర్టు, శనివారం పొద్దున్నే ఆఫీసు పెద్దాయనతో మాటామంతీ. అందుకే ఇక్కడ అమెరికాలో మన తెలుగు అసోసియేషన్ విరాళాల కోసం గోల్ఫ్ టోర్నమెంట్ అంటే అందరూ సై అంటారు గానీ డిస్క్ గోల్ఫ్ పెడదామంటే ‘పళ్లేలు విసరడం కూడా ఒక ఆటేనా బాబూ’ అని నవ్వేస్తారు. నేను రెండూ ఆడతాను, రెండూ అంతంతమాత్రమే. కాకపోతే నార్త్ కరోలైనాలోని షార్లెట్‌లో ఉండడం వల్ల రెండు ఆటల్లోనూ మేటి ఆటగాళ్లను దగ్గర నుంచి చూసే భాగ్యం దక్కింది. గోల్ఫ్‌కి క్వేల్ హాలో క్లబ్ ఊళ్లోనే ఉంది, డిస్క్ గోల్ఫ్‌కి రాక్ హిల్‌లోని విన్‌త్రాప్ యూనివర్సిటీ కారెక్కితే ఎంతో దూరం కాదు. చూసి చూసి నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే. గాల్లో ఉన్నంతసేపు డిస్క్ గోల్ఫర్ల పనితనం గోల్ఫర్ల కంటే ఒక మెట్టు పైనే, నేల మీదికి దిగాక గోల్ఫర్లని కొట్టేవాడు లేడు. ఇది రాస్తే రెండు వైపుల నుంచీ తిట్లు పడతాయని తెలుసు, పడనివ్వండి.

ఆట తెలియని వాళ్లకి రెండు ముక్కలు. టీ (మొదటి షాట్ మొదలయ్యే చోటు), పార్ (ఒక్కో హోల్‌కి, అంటే టీ నుంచి కన్నం దాకా, పట్టాల్సిన షాట్ల లెక్క), బర్డీ (పార్ కంటే ఒకటి తక్కువ), బోగీ (ఒకటి ఎక్కువ) అన్నీ గోల్ఫ్‌లో ఉన్నట్టే. బంతికి బదులు డిస్క్, కన్నానికి బదులు గొలుసులు వేలాడే ఇనుప బాస్కెట్. ఈ బాస్కెట్‌ని తయారు చేసినాయన ఎడ్ హెడ్రిక్. మొదటి శాశ్వత కోర్సు 1975లో కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలెస్ పక్కన ఓక్ గ్రోవ్ పార్కులో వెలిసింది. ఆటగాళ్ల సంఘం పీడీజీఏ ఆ మరుసటి ఏడు పుట్టింది. అంటే మనలో చాలామంది కంటే చిన్న ఆట కూడా కాదు.

ఇప్పుడు గాలి సంగతి. గోల్ఫ్‌లో పెద్ద టోర్నమెంట్ మాస్టర్స్. 2012లో దాని ప్లేఆఫ్ (స్కోరు సమమైతే ఆడే అదనపు హోల్స్) చూసినవాళ్లకి బబ్బా వాట్సన్ షాట్ గుర్తుండే ఉంటుంది. పదో హోల్‌లో డ్రైవ్ (మొదటి షాట్) పైన్ చెట్లలోకి పోయింది, గ్రీన్ (కన్నం ఉండే నున్నటి పచ్చిక) కనపడదు, ఎడమచేతివాటం మనిషి వెడ్జ్ (బంతిని పైకి లేపే క్లబ్) తీసి కొడితే బంతి చెట్ల సందులోంచి దూసుకొచ్చి కుడికి దాదాపు 40 గజాలు వంగి గ్రీన్ మీద వాలింది. గోల్ఫ్ లోకం ఇప్పటికీ ఆ షాట్‌ని కథలు కథలుగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాల్సిందే. అయితే కెంటకీలో ఐడిల్‌వైల్డ్, మసాచుసెట్స్‌లో మేపుల్ హిల్ లాంటి కోర్సులకి పోయి చూడండి. టీ దగ్గర నిలబడితే ఎదురుగా కనిపించేది ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన విశాలమైన దారి) కాదు, చెట్ల మధ్య సందు. డిస్క్ అందులో దూరాలి, కుడికి వంగాలి, ఆ వంపు అయ్యాక మళ్లీ ఎడమకి తిరిగి దిగాలి. బబ్బా కొట్టిన లాంటి వంపు అక్కడ హోల్ హోల్‌కీ అవసరం, మధ్యాహ్నం దాకా అదే పని, ఎవడూ చప్పట్లు కూడా కొట్టడు.

ఇదంతా ఎలా సాధ్యమంటే, డిస్క్ తిరుగుతూ పోయే వస్తువు. కుడిచేతివాటం మనిషి బ్యాక్‌హ్యాండ్ విసిరితే వేగంగా ఉన్నంతసేపు అది కుడికి ఒరగాలని చూస్తుంది, వేగం తగ్గేకొద్దీ ఎడమకి పడిపోతుంది. చేతిలోంచి వదిలేటప్పుడు దాని అంచు ఏ కోణంలో ఉంది, ఎంత వేగం, ఎంత తిప్పు అనే మూడింటి మీదే కథంతా నడుస్తుంది. ఫోర్‌హ్యాండ్ అయితే అంతా తలకిందులు. పైనుంచి గొడ్డలి విసిరినట్టు విసిరేది ఇంకొకటి, నేల మీద చక్రంలా దొర్లించేది మరొకటి. ఎదురుగాలి వీస్తే డిస్క్ తన అసలు వేగం కంటే ఎక్కువ వేగంతో పోతున్నట్టు ప్రవర్తించి కుడికి దొర్లిపోతుంది, వెనకగాలి వస్తే అనుకున్నదానికంటే ముందే చతికిలబడుతుంది. గోల్ఫర్ కూడా డ్రా, ఫేడ్ అని బంతిని అటో ఇటో వంచి కొడతాడు, కాదనను. కానీ ఒకే షాట్‌లో బంతిని ఒక పక్కకి వంచి మళ్లీ రెండో పక్కకి తిప్పడం బంతితో అయ్యే పని కాదు.

నాకు ఇందులో బాగా నచ్చే సంగతి ఇంకోటుంది. గోల్ఫ్ బ్యాగులో 14 క్లబ్బులకి మించి ఉండకూడదు, డిస్కులకి అలాంటి లెక్క లేదు, టూర్ (వృత్తి ఆటగాళ్ల టోర్నమెంట్ల వరస) ఆటగాళ్లు ఇరవైకి పైగా మోస్తుంటారు. ఒకసారి ఒక ప్రో ఆటగాడి బ్యాగు దగ్గర నుంచి చూశాను. ఒకే రకం డిస్కులు మూడున్నాయి, పేరు ఒకటే, రంగులే వేరు. ఒకటి అంచు నున్నగా మెరుస్తున్న కొత్తది. రెండో దాని అంచు మీద చెట్లకి తగిలిన గాట్లు. మూడోది అయితే సున్నిపిండి పెట్టి తోమినట్టు అరిగిపోయి ఉంది. కొత్తది గట్టిగా ఎడమకి తిరుగుతుంది, వాడినది తిన్నగా పోతుంది, బాగా అరిగినది కుడికి ఒరుగుతుంది. మన సిరాజ్‌కి కొత్త బంతితో ఒక పని, పాతబడ్డ బంతితో ఇంకో పని ఉన్నట్టే, ఇతనికి చెట్టు దెబ్బలు కూడా పెట్టుబడే. అలా సంవత్సరాలు వాడి అరగదీసిన డిస్క్ చెరువులో పడిపోతే ఏడ్చినంత పని చేస్తారు. గోల్ఫర్‌కి ఆ బాధ లేదు, జేబులోంచి ఇంకో కొత్త బంతి తీస్తాడు.

ఇక నేల మీదికి వద్దాం, ఇక్కడ నా పక్షం మారిపోతుంది. 2025లో గోల్ఫ్‌లో ఇంకో పెద్ద టోర్నమెంట్ పీజీఏ ఛాంపియన్‌షిప్ మా క్వేల్ హాలోలోనే జరిగింది. వారమంతా వానలు, నేల చిత్తడి. మొదటి రోజు స్కాటీ షెఫ్లర్ 16వ హోల్‌లో డ్రైవ్‌ని చక్కగా ఫెయిర్‌వే మధ్యలో పెట్టాడు. బంతికి మట్టి అంటుకుంది. తుడవడానికి వీల్లేదు. రెండో షాట్ పక్కకి పోయి నీళ్లలో పడింది, డబుల్ బోగీ. అంత గొప్ప ఆటగాడు ఆ నియమం మీద బాహాటంగానే విసుక్కున్నాడు, అయినా చివరికి ఐదు షాట్ల తేడాతో గెలిచాడనుకోండి. డిస్క్ గోల్ఫర్ ఏం చేస్తాడు? నడుముకి వేలాడే టవల్ తీసి, డిస్క్‌ని శుభ్రంగా తుడుచుకుని విసురుతాడు. ఏ బురదలో పడినా, ఏ ముళ్లపొదలో పడినా తర్వాత విసిరే డిస్క్ పొడిగా చేతిలోనే ఉంటుంది. బురద అతని కాళ్లకే ఇబ్బంది. కాలు జారుతుంది, అడుగులు కుదరవు, పొద మధ్యలో మోకాలి మీద కూర్చుని విసరాల్సి వస్తుంది, అవన్నీ నిజమే. కానీ గడ్డిలో కూరుకుపోయిన బంతిని, ఇసుకలో సగం మునిగిన బంతిని, చేతిలో ఉన్న పొడవాటి కర్ర చివరి ఇనుప ముక్కతో శుభ్రంగా తాకించడం వేరే విద్య. డ్రైవర్ క్లబ్ తల గంటకి 115 మైళ్ల ప్రాంతంలో వస్తుంది, బంతిని తాకి ఉండేది సెకనులో రెండు వేలవ వంతు, ఆ క్షణంలో క్లబ్ ముఖం కాస్త తేడాగా ఉంటే బంతి పక్క ఫెయిర్‌వేలో తేలుతుంది. మొదటిసారి ఆడేవాడికి డిస్క్ కనీసం ముందుకైనా పోతుంది, గోల్ఫ్ బంతి పక్కన మట్టి లేస్తుంది. డిస్క్ గోల్ఫ్‌ని చిన్నచూపు చూడటానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం. మొదటి రోజు సులువుగా ఉంది కాబట్టి పైదాకా సులువేనని తీర్మానించేస్తాం.

పటింగ్ (చివర్లో దగ్గర నుంచి కన్నంలోకో బాస్కెట్‌లోకో వేయడం) దగ్గర మాత్రం డిస్క్ గోల్ఫ్ అభిమానులు నాతో గొడవపడతారు. గోల్ఫ్ కన్నం అడ్డంగా 108 మిల్లీమీటర్లు. ఎనిమిది అడుగుల దూరం నుంచి పీజీఏ టూర్ ఆటగాళ్లు కూడా సగం సార్లే వేయగలరు. నేల వాలు, గడ్డి ఒరుగు, పచ్చిక తడి అన్నీ చదవాలి. డిస్క్ గోల్ఫ్‌లో బాస్కెట్ వెడల్పు రెండడుగులకు కాస్త అటూ ఇటూ, 10 మీటర్ల లోపు నుంచి టాప్ ఆటగాళ్లు పదికి ఎనిమిది పైనే వేస్తారు. ఆ 10 మీటర్ల లోపల డిస్క్ వదిలాక ఒంటిని పూర్తిగా నిలదొక్కుకునేదాకా ముందుకి తూలకూడదని నియమం ఉంది, గాలి వీచే రోజున డిస్క్ గొలుసుల అవతలికి లేచిపోయి ఇంకా దూరం దొర్లుతుంది, కాబట్టి పిల్లలాట అనను. కానీ బాస్కెట్ పెద్దది. అంతే. టూర్ స్థాయిలో బాస్కెట్ చిన్నది చేయాలనే వాదన వచ్చినప్పుడల్లా నేను ఆ వైపే. విసరడంలో అంత నైపుణ్యం చూపించే వాళ్లకి చివరి పది మీటర్లు అంత దాతృత్వంతో ఉండనక్కర్లేదు.

2021 ప్రపంచ ఛాంపియన్‌షిప్ మాట ఇక్కడ చెప్పకపోతే నన్ను క్షమించరు. యూటాలోని ఆగ్డెన్‌లో చివరి హోల్. అప్పటికే ఐదు సార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన పాల్ మెక్‌బెత్ ఒక షాట్ ముందున్నాడు. పొడవాటి జుట్టు, గడ్డంతో చూడ్డానికి సన్యాసిలా ఉండే జేమ్స్ కాన్రాడ్ 247 అడుగుల దూరం నుంచి పటర్ డిస్క్ (మామూలుగా దగ్గర షాట్లకి వాడేది) విసిరితే అది వంగి వంగి నేరుగా గొలుసుల్లోకి పోయింది. జనం పిచ్చెత్తినట్టు మైదానంలోకి పరిగెత్తారు. స్కోరు సమమైంది, ప్లేఆఫ్ మొదటి హోల్‌లోనే కాన్రాడ్ గెలిచేశాడు. దాన్ని అదృష్టం అనేవాళ్లకి ఒకటే చెబుతాను. ఆ దూరంలో బాస్కెట్ పక్కన పెట్టడం వాళ్లకి రోజువారీ పని, లోపల పడటం మాత్రమే అదృష్టం.

టెన్షన్ మాటకొస్తే మా చుట్టుపక్కల రెండు 17వ హోల్స్ ఉన్నాయి. క్వేల్ హాలోలో 17 అంటే నీళ్ల పక్కన 220 గజాల పైచిలుకు పార్ 3. విన్‌త్రాప్‌లో 1999 నుంచి యూఎస్ డిస్క్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది, అక్కడి 17 దూరం 250 అడుగుల లోపే, వాళ్లకి అది చేతి చివరి పని. కానీ గ్రీన్ చుట్టూ గడ్డిమోపులు పేర్చి ద్వీపంలా చేస్తారు. ఇవతల పడినా, లోపల పడి దొర్లి అవతలికి పోయినా పెనాల్టీ. తాడు అవతల నిలబడి చూస్తే ఆటగాడి ముఖం కంటే చేతులే ఎక్కువ మాట్లాడతాయి. తుడిచిన డిస్క్‌నే మళ్లీ తుడుస్తాడు, బ్యాగులో పెట్టి ఇంకోటి తీస్తాడు, దాన్ని కూడా పెట్టేసి మొదటిదే తీస్తాడు. ఈ విషయంలో రెండు ఆటలకీ తేడా నాకు కనపడలేదు.

తేడా ఎక్కడంటే పోటీలో, డబ్బులో. మన తెలుగు మూలాలున్న సాహిత్ తీగల సంగతే చూడండి. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు, తను పుట్టి పెరిగింది కాలిఫోర్నియాలో, చిన్నప్పటి నుంచి గోల్ఫ్, పెప్పర్‌డైన్ యూనివర్సిటీ జట్టు, 2023లో నాపాలో మొదటి పీజీఏ టూర్ టైటిల్. ఆ ఒక్క మెట్టు ఎక్కడానికి ఎన్ని దేశాల పిల్లల్ని దాటుకుని రావాలో ఊహించుకోండి. డిస్క్ గోల్ఫ్‌లో ఆ జల్లెడ ఇంకా అంత సన్నంగా లేదు. ఎస్టోనియా జనాభా దాదాపు 14 లక్షలు, హైదరాబాద్‌లో ఒక మూలకి సరిపోతారు. అక్కడి క్రిస్టిన్ టట్టార్ 2022, 2023 ప్రపంచ ఛాంపియన్. 2024లో పక్కనే ఉన్న ఫిన్లాండ్ అమ్మాయి ఎవెలీనా సలోనెన్ గెలిచింది. వాళ్ల ప్రతిభని తక్కువ చేయడం లేదు, ఆట నిజంగా వేళ్లూనుకున్న దేశాలు ఇంకా కొన్నే అంటున్నాను. డబ్బు చూస్తే, మెక్‌బెత్‌కి 2021లో డిస్క్‌క్రాఫ్ట్ కంపెనీ పదేళ్లకి కోటి డాలర్ల ఒప్పందం ఇస్తే ఆ లోకమంతా నోరెళ్లబెట్టింది. సాహిత్ 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో మూడో స్థానానికి 75 లక్షల డాలర్లు అందుకున్నాడు, ఒక్క వారంలో.

ఆ వారంలోనే జరిగిన ఇంకో విషయం డిస్క్ గోల్ఫ్ వాళ్లు నేర్చుకోవాల్సింది. మూడో రోజు బంకర్‌లో (ఇసుక గుంటలో) క్లబ్ వెనక్కి తీసేటప్పుడు నాలుగు ఇసుక రేణువులు తగిలాయేమో అనిపించి సాహిత్ తనంతట తనే చెప్పేసి రెండు షాట్ల పెనాల్టీ వేయించుకున్నాడు. డిస్క్ గోల్ఫ్‌లో కాలు గీత తప్పితే తోటి ఆటగాడు పిలవాలి, గ్రూపులో ఇంకొకరు అవునని సమర్థించాలి. నాలుగు రోజులు కలిసి నడిచేవాడి మీద ఎవరు పిలుస్తారండీ, మన పెళ్లిళ్లలో కూడా లేనంత మొహమాటం అక్కడ. నియమం పుస్తకంలో ఉంటుంది, కాలు గీత దాటుతూనే ఉంటుంది. ప్రతి పెద్ద టోర్నమెంట్‌లో టీ దగ్గరా, ఫెయిర్‌వేలోనూ అంపైర్లని పెట్టనిదే ఇది తేలదు.

మనవాళ్ల విషయానికొస్తే నా కోరిక చిన్నదే. ఈసారి గోల్ఫ్ టోర్నమెంట్‌తో పాటు పక్క పార్కులో డిస్క్ గోల్ఫ్ కూడా పెడదాం. పార్కుల్లో చాలా కోర్సులకి రుసుము లేదు, ఒక డిస్క్ ఖరీదు 15, 20 డాలర్లు, అమ్మమ్మల నుంచి మనవల దాకా అందరూ ఒకే గ్రూపులో ఆడొచ్చు. గోల్ఫ్ బాగా ఆడతామని చెప్పుకునే మన అంకుల్స్‌ని ముందు వరుసలో నిలబెట్టి, ఆ చెట్ల సందులోంచి ఒక్కటి బయటికి విసరమందాం. విన్‌త్రాప్‌లో టోర్నమెంట్ సాధారణంగా అక్టోబర్‌లో ఉంటుంది. 17వ హోల్ వెనక నీడలో నిలబడటానికి చోటు దొరకాలంటే పొద్దున్నే పోవాలి, నా కారులో ఇద్దరికి ఖాళీ ఉంది, ముందుగా చెప్పండి.