ముప్పై శాతం ఓట్లు, మూడో స్థానం

2025 ఫిబ్రవరి 27న కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. ఎవరు గెలుస్తారన్న టెన్షన్ పెద్దగా ఎవరికీ లేదు. అప్పటికే ప్రీమియర్ (ముఖ్యమంత్రి)గా ఉన్న డగ్ ఫోర్డ్ గెలిచారు. ఆయన ప్రోగ్రెసివ్ కన్జర్వేటివ్ పార్టీకి 124 సీట్లలో 80 వచ్చాయి. వరసగా మూడోసారి మెజారిటీ. 1959 తర్వాత అక్కడ ఎవరికీ దక్కని ఘనత అది. కానీ ఫలితాల పట్టికలో నిలబడి చూడాల్సింది మొదటి వరసను కాదు, రెండో, మూడో వరసలను.

లిబరల్ పార్టీకి దాదాపు 30 శాతం ఓట్లు పడ్డాయి, సీట్లు 14. ఎన్డీపీ (న్యూ డెమొక్రటిక్ పార్టీ)కి 18.5 శాతమే, సీట్లు మాత్రం 27. ప్రధాన ప్రతిపక్ష హోదా ఎన్డీపీదే. 2022లోనూ ఇదే వింత: రెండు పార్టీలకూ ఇంచుమించు 24 శాతం చొప్పున వస్తే ఎన్డీపీకి 31 సీట్లు, లిబరల్స్‌కు 8.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో వైసీపీ 39 శాతం ఓట్లతో 11 సీట్ల దగ్గర ఆగిపోవడం చూసిన మనకు ఇది కొత్త కాదనిపిస్తుంది. అయితే తేడా ఉంది. అక్కడ వైసీపీ కన్నా ఎక్కువ ఓట్లొచ్చిన కూటమే గెలిచింది. ఒంటారియోలో మాత్రం తక్కువ ఓట్లొచ్చిన పార్టీ ఎక్కువ ఓట్లొచ్చిన పార్టీని దాటేసింది. కారణం ఓట్లు ఎక్కడ పడ్డాయన్నదే. ఎన్డీపీ బలంలో ఎక్కువ భాగం టొరంటో నగరం నడిబొడ్డున, ఒంటారియోలోనే ఉన్న హామిల్టన్, లండన్ పట్టణాల్లో, ఉత్తరాది సీట్లలో గూడుకట్టుకుని ఉంది. మిగతాచోట్ల చాలావరకు ఆ పార్టీ పోటీలో ఉన్నట్టే ఉండదు. లిబరల్ ఓటు అలా కాదు, టొరంటో చుట్టుపక్కల ఊళ్లన్నిటా పలచగా పరుచుకుంది. రెండో స్థానాలు బోలెడు. వాటితో అసెంబ్లీలో కుర్చీ రాదు. అప్పటి లిబరల్ నేత బోనీ క్రాంబీ దాదాపు పదేళ్లు మేయర్‌గా ఉన్న మిస్సిసాగాలో ఆ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. ఆమె కూడా అక్కడే ఓడిపోయారు.

ఫోర్డ్ తెలివి వేరే లెక్క. గడువుకు ఏడాది పైనే ఉండగా ఎన్నికలకు వెళ్లారు. ట్రంప్ సుంకాలను ఎదుర్కోవడానికి ప్రజల తీర్పు కావాలన్నారు. ‘కెనడా అమ్మకానికి లేదు’ అని రాసిన టోపీ పెట్టుకున్నారు. ప్రచారానికి ముందే ప్రభుత్వం నుంచి మనిషికి 200 డాలర్ల చెక్కులు పోస్టులో బయల్దేరాయి. దీని అర్థం తెలుగు ఓటరుకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు!

ఇంతా చేస్తే పోలింగ్ 45 శాతం. అందులో 43 శాతం ఫోర్డ్‌కు. అంటే ఓటుహక్కున్న ప్రతి ఐదుగురిలో సుమారు ఒక్కరి మద్దతుతో 80 సీట్లు. మంచు, చలి అని సాకు చెప్పొచ్చు గానీ, 2022లో జూన్ నెలలోనే పోలింగ్ సుమారు 44 శాతమే. ఫలితం ముందే తెలిసిన ఆటకు ఎవరొస్తారు?

నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లొచ్చినవారికే సీటిచ్చే ఈ పద్ధతి మార్చే అవకాశం 2007లో ఒంటారియో ప్రజల చేతికే వచ్చింది. ఓట్ల శాతాన్ని బట్టి కూడా కొన్ని సీట్లిచ్చే విధానంపై రెఫరెండం పెడితే 63 శాతం మంది వద్దన్నారు.

లిబరల్స్‌కు దక్కిన ఊరట ఒక్కటే. కనీసం 12 సీట్లుంటే వచ్చే అధికారిక పార్టీ గుర్తింపు, 2018లో పోయింది, మళ్లీ వచ్చింది. అయినా 2025 సెప్టెంబర్‌లో క్రాంబీ నాయకత్వంపై పార్టీ ప్రతినిధులు ఓటేస్తే 57 శాతమే అనుకూలంగా వచ్చింది. అది చాలదనుకుని ఆమె తప్పుకుంటానన్నారు. 43 శాతం తెచ్చుకున్న ఫోర్డ్‌కు మాత్రం కుర్చీ గురించి దిగులే లేదు.