పన్నెండుతో గుణించకండి

ఇక్కడ చైనాలో మన తెలుగు సంఘం జరిపిన మొన్నటి దసరా వేడుకకు వచ్చినవాళ్ళకు ఆ సంగతి గుర్తుండే ఉంటుంది. రానివాళ్ళ కోసం చెబుతాను. బతుకమ్మ ఆట ముగిసింది, భోజనాలకు ఇంకా కాస్త సమయం ఉంది. వేదిక మీద వ్యాఖ్యానం చేస్తున్న మిత్రుడు గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక కుర్రవాణ్ణి మైకులోనే పిలిచాడు. నల్ల రైడింగ్ జాకెట్, మోకాళ్ళ దగ్గర ప్యాడ్లున్న ప్యాంటు, చీలమండలు దాటిన బూట్లు. సుజౌ దక్షిణాన ఉన్న వూజియాంగ్ నుంచి మోటారుసైకిల్ మీద వచ్చాడు, మోటారుసైకిళ్ళను రానివ్వని వీధులన్నీ తప్పించుకుని, చుట్టూ తిరిగి.

“కర్ణుడు వచ్చాడండీ, కవచకుండలాలతో!” హాలంతా నవ్వింది. “కవచం ఖరీదెంత నాయనా?” అని అడిగాడు మిత్రుడు. కుర్రవాడు దాచుకోలేదు. హెల్మెట్‌తో కలిపి 4,600 యువాన్లు అన్నాడు. వెనుక వరుసలో ఎవరో వెంటనే రూపాయల్లోకి మార్చడానికి పన్నెండుతో గుణించారు. “యాభై అయిదు వేలా! ఆ డబ్బుకు ఊళ్ళో పాత బండే వచ్చేది కదయ్యా!” మళ్ళీ నవ్వులు.

అతను కూడా నవ్వడానికి ప్రయత్నించాడు. వంటవాళ్ళు పులిహోర గిన్నెల మూతలు తీస్తుండగా గుమ్మం దగ్గరికి వెళ్ళి, చెప్పుల మధ్య పెట్టిన హెల్మెట్ తీసుకుని, భోజనం చేయకుండానే వెళ్ళిపోయాడు. ఎవరూ ఆపలేదు.

నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఎందుకంటే నా ఎడమ కనుబొమ్మ మీద అయిదు కుట్ల మచ్చ ఉంది. అది ఎలా వచ్చిందో సంఘంలో చాలామందికి తెలియదు.

2020 వసంతంలో ఇక్కడి ప్రభుత్వం ‘ఒక హెల్మెట్, ఒక బెల్టు’ అంటూ దేశమంతటా ప్రచారం మొదలుపెట్టింది. జూన్ 1 నుంచి తనిఖీలని ప్రకటించగానే మే నెలలో హెల్మెట్ల ధరలు కొన్ని రెట్లు పెరిగాయి. మన జియాంగ్సు ప్రావిన్సులో జులై 1 నుంచి ఎలక్ట్రిక్ స్కూటర్ నడిపేవాళ్ళకు కూడా హెల్మెట్ తప్పనిసరి అయింది. అప్పుడు నా దగ్గర ఉన్నది అలాంటి స్కూటరే. ఇక్కడివాళ్ళు ముద్దుగా ‘చిన్న కరెంటు గాడిద’ అని పిలుస్తారే, అది. ఫోనులో వెతికితే పేరున్న ఒక జపాన్ కంపెనీ బొమ్మ అతికించిన హెల్మెట్ 68 యువాన్లకు దొరికింది. అసలుది వేలల్లో ఉంటుందని నాకు తెలుసు. అయినా 68ని అప్పటి రేటు ప్రకారం పదకొండుతో గుణించాను. దాదాపు ఏడు వందల యాభై రూపాయలు. మన దగ్గర కూడా ఇంతే కదా అనుకుని కొనేశాను.

నవంబరులో ఒక ఉదయం చినుకులు పడుతున్నాయి. మా ఆఫీసు దారి పొడవునా ఉన్న పెద్ద చెట్ల ఆకులు తడిసి రోడ్డుకు అంటుకుపోయి ఉన్నాయి. మలుపు దగ్గర బ్రేకు వేశాను. ముందు చక్రం పక్కకు జారిపోయింది. వేగం ఇరవై దాటి ఉండదు. పడుతున్నప్పుడు నాకు గుర్తున్నది ఒక్కటే, గడ్డం కింద టక్కుమన్న చప్పుడు. పట్టీకి ఉన్న ప్లాస్టిక్ బకిల్ విరిగింది. నా తల ఫుట్‌పాత్ అంచును తాకకముందే హెల్మెట్ ఊడిపోయి రోడ్డు మీద దొర్లుతూ వెళ్ళింది. కూరగాయల సంచి మోసుకుంటూ వెళుతున్న ఒక ముసలాయన దాన్ని తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

ఆ రాత్రి మా ఆవిడ ఆ హెల్మెట్‌ను బాల్కనీలో పెట్టుకుని లోపలి గుడ్డ విప్పింది. ఉండాల్సిన గట్టి థర్మాకోల్ పొర నడినెత్తిన మాత్రం వేలెడు మందం ఉంది. చెవుల వైపు అసలు లేదు, మెత్తటి స్పాంజి ముక్కలు జిగురుతో అంటించారు. ధ్రువీకరణ ముద్ర ఎక్కడా లేదు. దాన్ని నా ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఒక్క మాట కూడా అనలేదు.

ఆ తర్వాత ఒక విషయం తెలిసింది. ఇక్కడి వినియోగదారుల చట్టం ప్రకారం, మోసం చేసి వస్తువు అమ్మిన వ్యాపారి ధరకు మూడు రెట్లు అదనంగా పరిహారం ఇవ్వాలి. ఆ మొత్తం 500 యువాన్ల లోపు ఉంటే 500 ఇవ్వాలి. 12315కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. నేను చేయలేదు. మీలో ఎవరైనా అలా మోసపోతే తప్పకుండా చేయండి.

కుట్లు విప్పిన వారం రోజులకు హెల్మెట్ల దుకాణానికి వెళ్ళాను. దాన్ని నడిపేది యాభై ఏళ్ళ ఆవిడ. దర్జీల టేపు తీసి, కనుబొమ్మల పైనుంచి తల వెనుక ఎత్తుగా ఉన్న చోటు వరకు చుట్టి కొలిచింది. 59 సెంటీమీటర్లు. ఆ సైజు హెల్మెట్ పెట్టి, స్టూలు చూపించి కూర్చోమంది. గ్లాసులో టీ పోసింది. ధర చెప్పలేదు, నన్నూ అడగనివ్వలేదు. ఇరవై నిమిషాలయ్యాక హెల్మెట్ తీసి నా నుదుటిని చూసింది. మధ్యలో ఎర్రగా రూపాయి బిళ్ళంత మచ్చ. “ఇది గుండ్రటి తలలకు చేసింది. నీ తల ముందుకూ వెనక్కూ పొడుగు” అంటూ ఇంకొకటి తెచ్చింది. మళ్ళీ ఇరవై నిమిషాలు. ఈసారి నుదురు నొప్పి లేదు గానీ బుగ్గలు బిగుసుకుపోయాయి. మాట్లాడితే పళ్ళ మధ్య బుగ్గ పడుతోంది. అలాగే ఉండాలంది, వాడుతుంటే బుగ్గల ప్యాడ్లు అణుగుతాయి, నుదుటి దగ్గరి థర్మాకోల్ మాత్రం అణగదు అంది. చివరికి పట్టీ బిగించి, రెండు చేతులతో హెల్మెట్‌ను వెనుక నుంచి పట్టుకుని ముందుకు లాగింది. ఊడి రాలేదు. అప్పుడు చెప్పింది ధర.

మన సంఘం కలిసి సామాను తెప్పించుకునే పద్ధతి నాకు ఇష్టం. సోనామసూరి బియ్యం, గోంగూర పచ్చడి, ఇడ్లీ రవ్వ, అన్నీ అలాగే తెప్పించుకుంటున్నాం. అదే ఊపులో ఇప్పుడు గ్రూపులో “అందరికీ ఒకే మోడల్ హెల్మెట్, యాభై తీసుకుంటే 35 యువాన్లే” అన్న ప్రతిపాదన తిరుగుతోంది. దయచేసి ఆపండి. బియ్యం బస్తా ఏ ఇంటికైనా ఒకటే. తలలు యాభై రకాలు.

కొనేటప్పుడు ఏమి చూడాలో, నాకు ఖాయంగా తెలిసినంత వరకు చెబుతాను. 2023 జులై 1 నుంచి ఇక్కడ హెల్మెట్లకు జీబీ 811-2022 అనే ప్రమాణం అమలులో ఉంది. అందులో ‘ఎ’ రకం మోటారుసైకిళ్ళకు, ‘బి’ రకం ఎలక్ట్రిక్ సైకిళ్ళకు, అంటే మన ‘కరెంటు గాడిదల’కు. ‘బి’ రకం పెట్టుకుని మోటారుసైకిల్ ఎక్కకూడదు. ఆ ప్రమాణం పేరు, సీసీసీ అనే ఇక్కడి తప్పనిసరి ధ్రువీకరణ ముద్ర లేని హెల్మెట్ ఎంత అందంగా ఉన్నా వద్దు. జాకెట్ విషయంలో మోసం ఇంకా సులువు. బయట ‘సీఈ’ అనే యూరప్ ముద్ర కుట్టి ఉంటే చాలదు. లోపల జిప్పు తీసి మోచేతి, భుజం ప్యాడ్లను బయటికి లాగి చూడాలి. అసలైన ప్యాడ్ల మీదే ఈఎన్ 1621-1 అని యూరప్ ప్రమాణం పేరూ, లెవెల్ 1 లేదా 2 అనీ అచ్చు వేసి ఉంటుంది. లెవెల్ 2 అంటే దెబ్బను ఎముక దాకా తక్కువగా రానిచ్చేది. వెన్ను దగ్గరి అరలో చాలా జాకెట్లకు ఉత్త స్పాంజి ముక్క పెట్టి పంపుతారు. దాన్ని తీసేసి, వెన్ను ప్యాడ్ల ప్రమాణమైన ఈఎన్ 1621-2 ఉన్న ప్యాడ్ విడిగా కొనుక్కోవాలి. ఊళ్ళో తమ్ముళ్ళకు ఇక్కడి నుంచి హెల్మెట్లు మోసుకెళ్ళేవాళ్ళకు ఇంకో మాట. ఇండియాలో 2021 జూన్ 1 నుంచి ద్విచక్ర వాహనాలకు ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్లనే అమ్మాలి. తమ్ముడికి అక్కడి దుకాణంలో, అతని తలకు కొలిచి కొనిపెట్టండి.

“గంటకు పాతిక కిలోమీటర్లు దాటని స్కూటర్‌కు ఇంత హంగామా ఎందుకు” అనేవాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. స్కూటర్ మీద కూరగాయలకు వెళ్ళేవాళ్ళు కుర్రవాడిలా జాకెట్టూ బూట్లూ వేసుకోవాలని నేను అనను. కానీ తల సంగతి వేరు. మనిషి నిలబడిన చోటే కూలిపోయి, తల ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి నేలకు తగిలినా, ఆ తాకే వేగం గంటకు దాదాపు ఇరవై కిలోమీటర్లు ఉంటుంది. బండి వేగం సున్నా అయినా అంతే. ఇక డబ్బు గురించి. ఇక్కడ చదువుకునే పిల్లలకు 4,600 యువాన్లు చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. ఇంటికి డబ్బు పంపేవాళ్ళకు ప్రతి యువానూ లెక్కే. అయితే ఆ కుర్రవాడు ఎవరినీ అప్పు అడగలేదు. ఇండియా లైసెన్సు ఇక్కడ చెల్లదు కాబట్టి ఇక్కడి పరీక్ష రాసి ‘ఇ’ తరగతి లైసెన్సు తెచ్చుకున్నాడు, నంబరు ప్లేటున్న బండి కొన్నాడు. అన్నీ పద్ధతిగా చేసిన మనిషిని మనం వేదిక మీదికి పిలిచి నవ్వాం.

పన్నెండుతో గుణించడం మన దోషమని తిట్టి ఊరుకోలేను. ఆ అలవాటు మా అమ్మది. ఏలూరులో మా నాన్న స్కూటర్‌కు హెల్మెట్ కొన్న రోజున, ఆ డబ్బుకు ఎన్ని కిలోల కందిపప్పు వచ్చేదో అమ్మ లెక్క చెప్పింది. తర్వాత ప్రతి ఉదయం పాత చీర ముక్కతో ఆ హెల్మెట్ తుడిచి గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టేది కూడా అమ్మే. నాన్న దాన్ని మోచేతికి తగిలించుకుని బయలుదేరి, పోలీసులుండే కూడలి రాగానే నెత్తిన పెట్టుకునేవాడు. మే నెల ఎండలో నెత్తి ఉడికిపోతుంది, హారన్లు వినపడవు, అవన్నీ నిజమే. ఆ మోచేతి హెల్మెట్‌ను నేను ఇప్పటికీ కోపంగా తలుచుకోలేను. దాని మీద అమ్మ చేయి ఉంది. కానీ నాన్నను ఆ దేవుడు కాపాడాడు, ఆ హెల్మెట్ కాదు.

విజయదశమి నాడు మనం బండికి పసుపు రాస్తాం, కుంకుమ బొట్లు పెడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. మొన్న కూడా హాలు బయట పదకొండు స్కూటర్లకు పూజ చేశాం, పంతులుగారు ఒక్కో బండి దగ్గరా ఆగి చేశారు. ఒక్క హెల్మెట్‌కు కూడా బొట్టు పెట్టలేదు. అవి చెప్పుల పక్కన ఉన్నాయి. ఆయుధపూజ అంటే మనల్ని కాపాడేదాన్ని పూజించడమే కదా! కర్ణుడి పేరు ఎత్తారు గనుక చెబుతున్నాను. అతని ఒంటి మీది కవచం అడిగి తీసుకున్నది దేవేంద్రుడంతటివాడు. అయినా ఆ పనిని మన ఇళ్ళల్లో ఎవరూ మెచ్చుకోగా నేను వినలేదు.

వారం క్రితం ఆ కుర్రవాడికి ఫోను చేశాను. ముందు క్షమాపణ చెప్పాను. “అయ్యో, మీరేమన్నారన్నా” అన్నాడు. కాసేపయ్యాక తనే చెప్పాడు. వాళ్ళది ఖమ్మం దగ్గర ఊరు. బండి కొంటానంటే వాళ్ళమ్మ రెండు రోజులు అన్నం తినలేదట. చివరికి ఒక షరతు పెట్టిందట. బయలుదేరే ముందు హెల్మెట్, జాకెట్, గ్లవ్స్, బూట్లు అన్నీ వేసుకుని ఫొటో తీసి పంపాలి. ఆ ఫొటో చూసి ఆమె ‘సరే’ అని పెట్టాకే తాళంచెవి తిప్పుతాడు. దసరా నాడు ఎండగా ఉందని జాకెట్ లేకుండా వద్దామనుకున్నాడట. ఫొటో పంపాలి కాబట్టి వేసుకున్నాడట. “ఆ రోజు తిరిగి వెళ్ళేటప్పుడు కూడా పంపానన్నా. ముఖం అలా ఉందేమిటని అడిగింది. ఎండ అని చెప్పాను” అన్నాడు.

ఉగాదికి వస్తావా అని అడిగాను. “చూస్తానన్నా” అన్నాడు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఈసారి ఉగాదికి వచ్చినవాళ్ళకు ఇచ్చే స్టీలు డబ్బాలు మానేయండి. ఆ డబ్బుతో హాలులో ఒక బల్ల వేయండి. నాలుగు రకాల తలలకు సరిపోయే నాలుగు హెల్మెట్లు నేను తెస్తాను, టేపు కూడా తెస్తాను. ఆ దుకాణం ఆవిడను అడిగాను, వస్తానంది. పిల్లల తలలు కూడా కొలుద్దాం, స్కూటర్ వెనుక సీటు మీద ఉత్త తలలతో వాళ్ళనే ఎక్కువగా చూస్తున్నాను. ఎవరి సైజు వాళ్ళు రాసుకుని వెళ్ళి, ఎవరికి నచ్చింది వాళ్ళు కొనుక్కుంటారు. వ్యాఖ్యానం చేసే మిత్రుడు అదే మైకులో ఆ కుర్రవాణ్ణి పేరు పెట్టి పిలిచి, ప్యాడ్లు ఎలా చూసి కొన్నాడో అందరికీ చెప్పమని అడగాలి. అడుగుతాడనే నా నమ్మకం, మనసు మంచివాడు.

కార్యక్రమాల జాబితా ఇంకా ఖరారు కాలేదని విన్నాను. పంచాంగ శ్రవణానికీ భోజనాలకూ మధ్య ఇరవై నిమిషాలు ఇవ్వండి. ఒక హెల్మెట్ నుదుటి మీద మచ్చ వేస్తుందో లేదో తెలియడానికి అంత సమయం కావాలి.