కూలి పెంచింది ప్లేగు కాదు

14వ శతాబ్దపు మహా ప్లేగు గురించి ఎక్కడ మాట వచ్చినా ఒక వాదన తప్పకుండా వినిపిస్తుంది. ఐరోపాలో మూడో వంతు నుంచి సగం దాకా జనం పోయారు, పనిచేసే చేతులు కరువయ్యాయి, దాంతో కూలి పెరిగింది, వెట్టి పోయింది, కొత్త ఐరోపా పుట్టింది అని. అంత పెద్ద మార్పుకి గిరాకీ, సరఫరా లెక్క ఒక్కటే చాలన్నట్టు చెబుతారు. ఇందులో సగమే నిజం. అదే రోగం అంతే ఘోరంగా ఊళ్లను తుడిచిపెట్టిన మరికొన్ని చోట్ల రైతు బతుకు మునుపటికన్నా హీనమైంది. ఆ సగం ఎవరూ చెప్పరు.

రోగం దారి సంగతి ముందు. కిర్గిజ్‌స్తాన్‌లో ఇస్సిక్ కుల్ సరస్సు దగ్గర ఒక పాత శ్మశానం ఉంది. అందులో 1338, 1339 సంవత్సరాల సమాధి రాళ్లు మరీ ఎక్కువ. కొన్నిటి మీద మహమ్మారితో చనిపోయారని సిరియాక్ భాషలో చెక్కి ఉంది. అక్కడి అస్థిపంజరాల పళ్లలో ప్లేగు బ్యాక్టీరియా డీఎన్‌ఏ దొరికిందని 2022లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఏడెనిమిదేళ్లు తిరిగేసరికి అది నల్ల సముద్రం ఒడ్డుకి చేరింది. క్రిమియాలో జెనోవా వర్తకుల చేతిలో ఉన్న కాఫా రేవును మంగోలు సేనలు ముట్టడించాయి. ముట్టడిస్తున్న సేనలోనే రోగం పడితే, ఆ శవాలను యంత్రాలతో కోటలోకి విసిరారని కథ. వినడానికి బాగుంటుంది కాబట్టి వదలకుండా చెప్పుకుంటున్నారు. దాన్ని రాసిపెట్టిన ఇటలీ నోటరీ మాత్రం అప్పుడు కాఫాలో లేడు. యుద్ధం వల్ల ఆగిపోయిన ధాన్యం వ్యాపారం 1347లో మళ్లీ మొదలై, గింజల ఓడల్లో ఎలుకలు, వాటి ఒంటి మీద బతికే పురుగులు పడమటికి ప్రయాణం కట్టాయన్న వివరణ చప్పగా ఉంటుంది. నాకు మాత్రం అదే నమ్మదగినదిగా కనిపిస్తుంది. ఆకలితో ఉన్న ఇటలీ నగరాలు ఆ ఓడల కోసమే ఎదురుచూస్తున్నాయి.

1347 అక్టోబరులో సిసిలీలోని మెసీనా. ఆ చలికాలంలోనే మార్సెయ్, జెనోవా, వెనిస్. 1348 వేసవికి ఇంగ్లాండ్ దక్షిణ తీరం. 1353 నాటికి మాస్కో. సియెన్నాలో ఒక తండ్రి తన ఐదుగురు పిల్లల్ని తన చేతులతోనే పాతిపెట్టుకున్నానని రాసుకున్నాడు. ఆ ఊళ్లో పెంచి కట్టాలని మొదలుపెట్టిన మహా చర్చి గోడలు ఇప్పటికీ అసంపూర్తిగానే నిలబడి ఉన్నాయి. కారణమేమిటని ఫ్రాన్స్ రాజు అడిగితే, 1345లో శని, గురువు, కుజుడు కుంభరాశిలో కలవడమేనని పారిస్ వైద్యపండితులు తేల్చారు. మన పంచాంగకర్తలను వెక్కిరించే ముందు ఈ సంగతి కూడా గుర్తుంచుకుంటే మంచిది.

జనానికి గ్రహాలు సరిపోలేదు, మనుషులు కావాల్సి వచ్చింది. యూదులు బావుల్లో విషం కలిపారన్న పుకారు పుట్టింది. 1348లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న షియోన్ కోటలో చిత్రహింసలు పెట్టి ‘ఒప్పుకోలు’ రాబట్టారు. వాటి నకళ్లు ఊరూరికీ పంపారు. యూదులూ ఇదే రోగంతో చస్తున్నారు, వాళ్లు లేని చోట్ల కూడా రోగం ఉంది కదా అని పోప్ ఆరో క్లెమెంట్ ఆజ్ఞాపత్రంలోనే వాదించాడు. వినేవాళ్లు లేరు. స్ట్రాస్‌బర్గ్‌లో యూదులను కాపాడాలని చూసిన నగర పాలకులను వృత్తి సంఘాలు దించేశాయి. 1349 ఫిబ్రవరి 14న యూదులను వాళ్ల శ్మశానంలోనే సజీవంగా తగలబెట్టారు. రెండు వేల మంది అని ఆ కాలపు లెక్క, వందల్లోనే ఉంటుందని నేటి చరిత్రకారులు కొందరి అంచనా. అప్పటికి ఆ ఊళ్లో ప్లేగు ఇంకా అడుగే పెట్టలేదు! యూదులకు రాసిచ్చిన అప్పు పత్రాలు రద్దయ్యాయి, కుదువ పెట్టిన వస్తువులు వెనక్కి వచ్చాయి, నగదు పంచుకున్నారు. వాళ్లు పేదవాళ్లై ఉండి, ప్రభువులు వాళ్లకు బాకీ పడకపోయి ఉంటే వాళ్లను తగలబెట్టి ఉండేవాళ్లు కాదని ఆ ఊరి చరిత్ర రాసినవాడే తేల్చేశాడు. రోగభయం మూకను పోగేసి ఉండవచ్చు. ఎవరి ఇంటి మీద పడాలో మాత్రం బాకీల లెక్కే చెప్పింది. ఇది జనం సహజంగా చేసే పని అని సరిపెట్టుకోవడానికీ లేదు. 1348లో డమాస్కస్‌లో ముస్లింలు, యూదులు, క్రైస్తవులు ఉపవాసాలుండి, ఎవరి గ్రంథాలు వాళ్లు పట్టుకుని ఒకే ఊరేగింపులో నడవడం యాత్రికుడు ఇబ్న్ బతూతా కళ్లారా చూశాడు.

ఇక కూలి దగ్గరికి వద్దాం. ఇంగ్లాండ్‌లో బతికినవాళ్లు రెట్టింపు కూలి అడిగిన మాట నిజం. దానికి రాజ్యం ఏం చేసిందన్నదే అసలు కథ. జనం ఇంకా చస్తుండగానే, 1349 జూన్‌లో రాజు మూడో ఎడ్వర్డ్ శాసనం తెచ్చాడు. 1351లో పార్లమెంటు దాన్ని మరింత బిగించింది. ప్లేగుకు ముందు, 1346లో ఎంత ఇచ్చేవాళ్లో అంతే ఇవ్వాలి, అంతే తీసుకోవాలి. ఆస్తి లేని, 60 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులు ఎవరు పిలిస్తే వాళ్ల పనికి వెళ్లాల్సిందే. ఒప్పుకున్న గడువు తీరకుండా పాలేరు పని మానేస్తే జైలు. ఆగస్టు మొదటి వారంలో కోతకూలి రోజుకి రెండు పెన్నీలు, రెండో వారం నుంచి మూడు, తిండి పెట్టక్కర్లేదు, ఇంత వివరంగా రాశారు. కాళ్లు బిగించే బొండకొయ్యలు ఊరూరా పెట్టమన్నారు. కూలోళ్లకు పొగరెక్కింది, రాజాజ్ఞను కూడా లెక్కచేయడం లేదని లెస్టర్ మఠంలో ఒక సన్యాసి వాపోయాడు. ఈ గొంతు మనకూ పరిచయమే. 2020 మే నెలలో బిల్డర్లు ముఖ్యమంత్రిని కలిశాక కర్ణాటక ప్రభుత్వం వలస కూలీల రైళ్లు రద్దు చేసింది. గొడవైతే తిరిగి నడిపింది. మార్కెట్ సూత్రాలు కూలివాడి వైపు మొగ్గిన క్షణాన మార్కెట్‌ను పక్కనపెట్టి చట్టాన్ని పిలవడం కొత్త అలవాటు కాదు.

చట్టం పూర్తిగా పనిచేయలేదు. భూస్వాములే ఒకరికి తెలియకుండా ఒకరు ఎక్కువిచ్చి పక్క ఊరి కూలీలను లాక్కున్నారు. అయినా ధరలూ పెరగడంతో కూలివాడి చేతికి నిజంగా మిగులు కనిపించడానికి 1370ల దాకా పట్టింది. అంటే ప్లేగు తర్వాత ఒక తరం గడిచిపోయింది. ఈలోగా జరిమానాలు, ఫ్రాన్స్‌తో యుద్ధం పేరుతో తలపన్ను. 1381లో ఎసెక్స్, కెంట్ రైతులు లండన్ మీద పడ్డారు. ఆర్చిబిషప్‌ను, ఖజానా అధికారిని చంపారు. దారి పొడుగునా జమీన్ల కచేరీల్లోని దస్తావేజులను వెతికి మరీ కాల్చారు. ఎవడు ఎవడికి వెట్టి చేయాలో రాసి ఉన్నది వాటిలోనే. తెలంగాణ పోరాటంలో గడీల ముందు అప్పు కాగితాలు మండిన సంగతి తెలిసినవాళ్లకు ఈ పని ఎందుకు చేశారో ఎవరూ చెప్పనక్కర్లేదు. వెట్టి రద్దు, ఎకరానికి నాలుగు పెన్నీల కౌలు, ఇష్టపడిన ఒప్పందం మీదే పని అని వాళ్లు అడిగితే, 14 ఏళ్ల రాజు రెండో రిచర్డ్ సరేనన్నాడు. నాయకుడు వాట్ టైలర్ మర్నాడే చనిపోయాడు. రాజు మాట వెనక్కి తీసుకున్నాడు. తిరుగుబాటు ఓడిపోయింది. కానీ ఆ తర్వాత ఇంగ్లాండ్‌లో తలపన్ను మళ్లీ అలా వేసే ధైర్యం చాలాకాలం ఎవరూ చేయలేదు. రైతులు రాత్రికి రాత్రి జమీను వదిలిపోతూ ఉంటే, కౌలు తగ్గించి నిలుపుకోవడమే దొరలకు దిక్కయింది. వెట్టి అలా ఒక వంద ఏళ్లు పట్టి అరిగిపోయింది.

అదే ఈజిప్టు చూడండి. అక్కడా జనం అంతే పోయారు. కానీ పల్లెల శిస్తును కైరోలో ఉండే, అప్పట్లో ఆ దేశాన్ని ఏలిన మమ్లూక్ వర్గపు సైనికాధికారులకు జీతంగా రాసిచ్చేవారు. అది వారసత్వ ఆస్తి కాదు, ఏ ఏడాది ఏ పల్లె తనకొస్తుందో అధికారికే తెలియదు. రైతు పారిపోతే నష్టపోయి బేరానికి దిగేవాడు అక్కడ లేడు, శిస్తు పిండుకునేవాడే ఉన్నాడు. పోయినవాళ్ల వాటా బతికున్నవాళ్ల మీద పడింది. నైలు కాలువల పూడిక తీయడానికి, కట్టలు నిలబెట్టడానికి మనుషులు చాలక సాగునీటి వ్యవస్థే చెడిపోయింది. కూలీల కొరత ఉంది, అయినా పల్లె బాగుపడలేదు.

తూర్పు ఐరోపాలో జరిగింది ఇంకో రకం. అక్కడి ప్రభువులకు ఎప్పుడూ మనుషుల కొరతే. పడమటి నగరాలకు ధాన్యం అమ్మితే లాభమని తెలిసేసరికి, ఆ కొరతకు వాళ్లు కనుక్కున్న మందు కూలి పెంచడం కాదు. పోలండ్‌లో 1496లో తెచ్చిన చట్టం రైతు ఊరు విడిచిపోయే హక్కుకు కళ్లెం వేసింది. 1520లో వచ్చిన ఇంకో చట్టం దొర పొలంలో వారానికి కనీసం ఒక రోజు వెట్టి చేయాలంది. తర్వాతి తరాల్లో ఆ ఒక రోజు మూడు రోజులైంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే.