క్లబ్‌హౌస్ సరే, రాత్రి రెండింటికి ఎవరొస్తారు?

సీనియర్ లివింగ్, అంటే పెద్దవాళ్ల కోసమే కట్టే ఇళ్ల ప్రకటనల్లో కనిపించే పెద్దాయన ఎప్పుడూ ఒకటే. నెరిసిన జుట్టు, చేతిలో బ్యాడ్మింటన్ రాకెట్, పక్కన నవ్వుతున్న భార్య. ఆయనకి మహా అయితే అరవై రెండేళ్లుంటాయి. ఇల్లు కొనేది ఆయనే కావచ్చు. ఆ ఇంటి అవసరం గట్టిగా పడేది మాత్రం ఎనభై అయిదేళ్ల మనిషికి. ప్లాన్లేమో రాకెట్ పట్టుకున్న ఆయన్ని చూసి గీస్తున్నారు.

ఇలా జరగడానికి ఒక కారణం మనమే. 'అమ్మానాన్నల్ని ఆశ్రమంలో పడేశారు' అన్న మాటకి కొడుకులూ కూతుళ్లూ ఇప్పటికీ వణుకుతారు, ఆ కొడుకు డాలస్‌లో ఉన్నా సరే. ఆ సంగతి తెలిసిన బిల్డర్ వృద్ధాశ్రమం వాసన ఎక్కడా తగలకుండా రిసార్టు కడతాడు. బాత్రూంలో పట్టుకునే కడ్డీ ఉంటే ఆస్పత్రిలా ఉందంటారని తీసేస్తాడు. నర్సుల గది ఎక్కడో సెల్లార్‌లో ఉంటుంది. ముసలితనం కోసం కట్టే చోట ముసలితనాన్నే దాచేస్తున్నారు.

2011 జనాభా లెక్కల్లోనే దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్ల పైచిలుకు. 2050కల్లా జనాభాలో దాదాపు ఐదో వంతు వాళ్లే ఉంటారని నీతి ఆయోగ్ 2024 నాటి పత్రంలో చెప్పింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది ఎత్తేసిందంటే, పిల్లలు తగ్గి ముసలివాళ్లు పెరుగుతున్నారన్న టెన్షన్ అక్కడి ప్రభుత్వానికీ పట్టుకుందన్నమాట. గిరాకీ ఉంది, కట్టేవాళ్లూ వస్తారు. ఎలా కడతారన్నదే చూసుకోవాలి.

విల్లా అనగానే మనవాళ్లకి నేల నుంచి రెండడుగుల ఎత్తు అరుగు కావాలి. ర్యాంపు వాలు ప్రమాణం ఒకటికి పన్నెండు, అంటే రెండడుగులు ఎక్కడానికి ఇరవై నాలుగు అడుగుల ర్యాంపు. బ్రోచర్‌లో చూపించే ముందు జాగా అందుకు సరిపోతుందా? తర్వాత గడప. పసుపు రాసి బొట్టు పెట్టే గడపను వద్దనడం మన ఇళ్లలో కుదరదు, అనక్కర్లేదు కూడా. చెక్కను నేలతో సమానంగా దించి పాతితే పూజా జరుగుతుంది, వాకర్ చక్రమూ తగలదు. బాత్రూం తలుపు బయటికే తెరుచుకోవాలి. మనిషి లోపల పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకి ఆ మనిషే అడ్డం అవుతాడు. వీల్‌ఛైర్ తిరగాలంటే ఐదడుగుల ఖాళీ కావాలి. కడ్డీలు ఇప్పుడే వద్దనుకున్నా, రేపు బిగిస్తే బరువు ఆగేలా గోడను ఇప్పుడే గట్టిగా కట్టించాలి. తేలిక ఇటుకల గోడకి తర్వాత మేకులు దిగ్గొడితే కడ్డీ ఊడి చేతిలోకొస్తుంది.

ఎవరూ ఎత్తని ఇంకో విషయం, చావు. మామూలు అపార్టుమెంట్లలోనే శవాన్ని లిఫ్టులో దించడం దగ్గర గొడవలవుతుంటాయి. సీనియర్ కమ్యూనిటీలో అది ఏటా తప్పని పని. స్ట్రెచర్ పట్టే లిఫ్టు ఉందా? పిల్లలు అమెరికా నుంచి వచ్చేదాకా ఫ్రీజర్ బాక్స్ ఎక్కడ పెడతారు? పదకొండో రోజు దాకా కర్మలు చేసుకోవడానికి, డైనింగ్ హాలుకి దూరంగా, నీళ్ల వసతితో ఒక చోటు ఉందా? లేఅవుట్‌లో ఓ మూల ఇంత జాగా వదిలితే చాలు. దీని గురించి సేల్స్ ఆఫీసులో అడిగితే అపశకునం మాట్లాడినట్టు చూస్తారేమో, అయినా అడగాలి.

భూమి చౌక కాబట్టి ఈ కమ్యూనిటీలన్నీ ఊరికి దూరంగా వెలుస్తున్నాయి. పక్షవాతం వస్తే రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కి గడువు నాలుగున్నర గంటలు. అందులో సగం ట్రాఫిక్‌కి పోతే ప్రశాంత వాతావరణం ఏం చేసుకోను? పెద్దాసుపత్రి సంగతి అలా ఉంచినా, కూరగాయల బండి, గుడి, బడి వదిలిన పిల్లల గోల మధ్య బతికిన మనిషిని తీసుకెళ్లి పచ్చిక మధ్య కూర్చోబెట్టడం నాకు నచ్చదు. వరంగల్‌లోనో కాకినాడలోనో, ఊళ్లోనే యాభై ఇళ్ల చిన్న కమ్యూనిటీ కట్టడం మేలు.

ఇక కాగితాల దగ్గరికొస్తే, రియల్ ఎస్టేట్‌ని నియంత్రించే రెరా చట్టం కింద నిర్మాణ లోపాలకి బిల్డర్ బాధ్యత ఐదేళ్లు. పెద్దవాళ్లు డబ్బు కట్టేది ఇటుకలకంటే సేవకే. వంట, నర్సు, అంబులెన్స్, ఇవి పాతికేళ్లు నడవాలి. బిల్డర్ ఫ్లాట్లన్నీ అమ్ముకుని వెళ్లిపోయాక వీటిని ఎవరు నడుపుతారు? అందుకే ఇలాంటి ఇళ్ల కోసం కేంద్రం 2019లో ఇచ్చిన నమూనా మార్గదర్శకాలు బిల్డర్, సేవలందించే సంస్థ, కొనుగోలుదారు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలన్నాయి. మహారాష్ట్రలో ఆ చట్టాన్ని అమలు చేసే రెరా సంస్థ 2024లో ఈ ఇళ్ల తలుపు వెడల్పు, లిఫ్టులు, జారని నేల వంటి వాటికి నిబంధనలు పెట్టింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరాలు కొలతలతో ఆగకుండా మూడు విషయాలు ఒప్పందంలో రాయించాలి: రాత్రి షిఫ్టులో ఎందరు నర్సులుంటారు, నెలవారీ చార్జీ ఏటా ఎంత శాతానికి మించి పెరగదు, నడిపే సంస్థ సరిగా లేకపోతే మార్చే హక్కు నివాసులకి ఎన్ని ఓట్లతో వస్తుంది.