పడే ముప్పుకు మార్కులు వేస్తే సరిపోదు

పెద్దవారు కాలు తూలి పడితే ఆ తప్పును వయసు మీదికి నెట్టి ఊరుకోవడం ఇళ్లలోనే కాదు, వైద్యశాలల్లోనూ అలవాటైపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా దాదాపు 6,84,000 మంది కిందపడటం వల్ల ప్రాణాలు కోల్పోతున్నారు; ప్రమాదవశాత్తు తగిలే గాయాలతో సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. 65 ఏళ్లు దాటినవారిలో సుమారు మూడో వంతు మంది ఏడాదిలో ఒక్కసారైనా పడుతున్నారు. బరువు తగ్గి, సత్తువ ఉడిగి, నడక మందగించినవారికి ఈ ముప్పు మరింత ఎక్కువ, పడ్డాక కోలుకునే శక్తి తక్కువ.

ముప్పును ముందే పసిగట్టేందుకు ఆసుపత్రులు దశాబ్దాలుగా మార్కుల పట్టికలను నమ్ముకున్నాయి. 1989లో వెలువడిన మోర్స్ స్కేల్ వాటిలో ప్రసిద్ధమైనది. ఇంతకుముందు పడ్డారా, ఒకటికి మించి జబ్బులున్నాయా, చేతికర్ర పట్టుకుంటున్నారా, సెలైన్ ఎక్కుతోందా, నడక ఎలా ఉంది, తన శక్తిని తాను సరిగ్గా అంచనా వేసుకోగలుగుతున్నారా అన్న అంశాలకు అంకెలు కేటాయించి కూడతారు. చిక్కేమిటంటే, బలహీనులైన వృద్ధుల్లో ఎక్కువమందికి ఈ మొత్తం ఎలాగూ పెద్దదే వస్తుంది. వార్డులో అందరి మంచాలకూ ఒకే హెచ్చరిక చీటీ వేలాడుతుంటే అది ఎవరినీ హెచ్చరించదు. ఇలాంటి పట్టికలతో రోగుల ముప్పును లెక్కగట్టవద్దని బ్రిటన్ వైద్య ప్రమాణాల సంస్థ నైస్ 2013లోనే చెప్పింది. 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలూ ఆసుపత్రుల విషయంలో అదే మాటన్నాయి. అయినా పట్టిక పోలేదు. నింపిన కాగితం తనిఖీలో చూపించడానికి పనికొస్తుంది కదా!

మదింపు అంటే కారణాలను వెతకడమని మా అభిప్రాయం. గత ఏడాదిలో పడ్డారా, నిలబడినా నడిచినా తూలుతున్నట్టుందా, పడతానన్న భయం ఉందా అన్న మూడు ప్రశ్నలతో అది మొదలుకావాలి. అడిగితే తప్ప చాలామంది చెప్పరు. చెబితే ఒంటరిగా కదలనివ్వరని వారి బెంగ. ఆ తర్వాత నడిపించి చూడాలి. సెకనుకు 0.8 మీటర్ల వేగం కూడా అందుకోలేకపోతే లోతుగా పరీక్షించాల్సిందే. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాల్లోపు మరోసారి రక్తపోటు కొలిస్తే, పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోవడం ఎందరిలోనో బయటపడుతుంది. ఖర్చులేని ఈ పరీక్షనే తరచూ వదిలేస్తున్నారు. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మందులు, మోతాదు మించిన బీపీ మాత్రలు ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారో కూడా తెలియకుండా ఏళ్ల తరబడి కొనసాగుతుంటాయి. వాటిని సమీక్షించి, వైద్యుడి పర్యవేక్షణలో మెల్లగా తగ్గించడం ఎన్ని హెచ్చరిక బోర్డులకన్నా మేలు. చూపు, పాదాలు, రాత్రిళ్లు మూత్రానికి పరుగెత్తాల్సి రావడం కూడా ఈ జాబితాలోనివే.

ముప్పు ఉందని తేలగానే మంచం దిగనివ్వకపోవడం మరో పొరపాటు. కదలిక ఆగితే కండరం కరుగుతుంది, కండరం కరిగితే తర్వాత లేచినప్పుడు పడటం మరింత సులువవుతుంది. ఆసుపత్రుల్లో కాక ఇళ్లలోనే ఉంటున్న వృద్ధులపై జరిగిన పరిశోధనలను 2019లో సమీక్షించిన కాక్రేన్ (వైద్య పరిశోధనలను క్రోడీకరించే అంతర్జాతీయ సంస్థ) బృందం, సమతౌల్యానికి, కాళ్ల బలానికి ఉద్దేశించినవి సహా వ్యాయామాలు పడిపోయే ఘటనలను దాదాపు 23 శాతం తగ్గిస్తున్నాయని తేల్చింది. మదింపు ఒక్కదానితోనే ఫలితం వస్తుందనుకోవడమూ భ్రమే. అమెరికాలో 5,451 మందిపై జరిగి 2020లో ఫలితాలు వెలువడిన స్ట్రైడ్ అనే వైద్య అధ్యయనంలో, నర్సులు ముప్పులను గుర్తించి ఒక్కొక్కరికీ ప్రణాళిక వేసినా తీవ్రమైన గాయాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ప్రణాళిక రాయడానికీ అది అమలు కావడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ ఫలితం గుర్తుచేస్తోందని మేం భావిస్తున్నాం.

అందుకే ప్రతి మదింపు పత్రంలో దొరికిన కారణం పక్కనే, దాన్ని ఎవరు ఎప్పటిలోగా సరిచేస్తారో రాయడం తప్పనిసరి చేయాలి. ఇంటికి పంపేముందు నేల మీద నుంచి ఎలా లేవాలో, లేవలేకపోతే సాయానికి ఎలా పిలవాలో వృద్ధులకూ ఇంట్లోవారికీ నేర్పాలి. ఎముక విరగకపోయినా, గంటకు మించి నేలపైనే ఉండిపోయినవారికి ఒత్తిడి పుండ్లు, కండరాల దెబ్బ, నిర్జలీకరణ (ఒంట్లో నీరు తగ్గిపోవడం) వంటి ఉపద్రవాలు ఎదురుకావచ్చు.