పాయింట్ తొమ్మిది

మా బావమరిది రోజూ పొద్దున్నే నీలం రంగు మౌత్‌వాష్ నోట్లో పోసుకుని ముప్పై సెకన్ల పాటు లోకంతో తెగతెంపులు చేసుకుంటాడు. పాలవాడు వచ్చినా, ఫోను మోగినా, బుగ్గలు ఉబ్బించి వేలెత్తి ఆగమంటాడు. ఉమ్మేసి వచ్చి, "బావా, 99.9 శాతం క్రిములు చచ్చాయి" అని ప్రకటిస్తాడు. సీసా మీద రాసి ఉంది మరి.

తొంభై తొమ్మిదితో నాకు పేచీ లేదు. ఆ పాయింట్ తొమ్మిది ఎవరు లెక్కపెట్టారు? జనాభా లెక్కల గుమాస్తా ఎవరో చంకలో రిజిస్టరుతో మావాడి నోట్లోకి దిగే ఉంటాడు. కింది దవడ, ఎడమ వరస, మూడో పన్ను. "ఇంట్లో ఎంతమంది?" "రాత్రి ఇద్దరమండీ, ఇప్పుడు నలుగురం, మీరు కలం మూత తీసేలోపు ఎనిమిది మందిమి." జ్ఞానదంతం వెనక సందులో తలుపు తీయలేదు, మళ్లీ రావాలి. అంతలో నీలం వరద. గుమాస్తా కొండనాలుక పట్టుకుని వేలాడి, వరద తగ్గాక మళ్లీ ఇల్లిల్లూ తిరిగాడు. "నూటికి నూరూ పోయాయని రాయకు, ఆడిట్‌లో దొరికిపోతాం" అని పై అధికారి హెచ్చరించాడు.

అసలు ఆ లెక్క తేలేది ప్రయోగశాలలో, గాజు గొట్టంలో విడివిడిగా ఈదే క్రిముల మీద. పంటి మీదివి పొరలు పొరలుగా పాచి కట్టుకుని కూర్చుంటాయి. మందునీళ్లు పైపొరను తడిపి పోతాయి, పాచిని గీకాల్సింది బ్రష్షే. పోనీ సీసా మాటే నిజమనుకుందాం. ఒక మిల్లీలీటరు ఉమ్మిలో సుమారు పది కోట్ల క్రిములుంటాయి. 99.9 శాతం పోతే మిగిలేది లక్ష! క్లోర్‌హెక్సిడిన్ అనే మందు కలిపిన పుక్కిలింత నీళ్లు గట్టివే, చిగుళ్లకు కోత పెట్టాక డాక్టర్లు కొన్నాళ్లు వాడమంటారు. నెలల తరబడి పుక్కిలిస్తే పళ్లు గోధుమరంగు తేలతాయి, నాలుకకు రుచి తెలియదు.

లిస్టరిన్ అనే మౌత్‌వాష్ జలుబును ఆపుతుందని దశాబ్దాల పాటు అమ్మారు. అది జలుబును ఆపదు అని ప్రకటనల్లో మీరే చెప్పండని 1975లో అమెరికాలో వ్యాపార మోసాలను అరికట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆదేశించాల్సి వచ్చింది.

నవ్వు ఇక్కడితో సరి. మా పిన్నికి ఏడాది పాటు చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. నోటి వాసన సిగ్గుచేటని టీవీ చెబితే సీసా తర్వాత సీసా కొంది. చిగుళ్లు కుళ్లుతున్నాయని చెప్పడానికి నెత్తురుతో పాటు ఉన్న సాక్షి ఆ వాసన. దాని నోరు నొక్కి డబ్బు గుంజుకున్నారు, సిగ్గులేని మనుషులు! ఎదుటివాడి నోరు కంపని చెప్పి బతికే మీ వ్యాపారం కన్నా కంపు ఏముంది? పళ్లు కదిలాక గానీ ఆవిడ డాక్టరు దగ్గరికి పోలేదు. నాలుగు పీకారు.

మొన్న సంక్రాంతికి పిన్ని జంతికలు చేసింది. మా అందరికీ పళ్లెంలో పెట్టి, తన వంతు రోట్లో వేసి దంచుకుంది.